ఒకే చేప, రెండు తీర్పులు: తినేవాడికి 180 రెట్లు ఎక్కువ, చేపకేమో ఫర్వాలేదా?

సందేహాల_సూరి
2023 మేలో జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్లాంటు (2011లో ప్రమాదం జరిగిందే) రేవులో పట్టిన రాతిచేపలో (కురోసోయ్ అంటారట) కిలోకి 18,000 బెకరెళ్ళ (రేడియోధార్మికత కొలత) సీజియం తేలింది. జపాన్ ఆహార పరిమితి కిలోకి 100. అంటే 180 రెట్లు. ఇది పేపర్లో వచ్చిన వార్త. అదే సముద్రం మీద వచ్చిన పర్యావరణ మదింపు రిపోర్టులు తెరిస్తే సముద్రజీవుల మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేదని ఉంటుంది. ఒంటి నిండా సీజియం పెట్టుకుని తిరిగే చేపకి ఏం కాదు, ఒక ముక్క తిన్నవాడికి మాత్రం 180 రెట్లు! ఇద్దర్లో ఎవరిది అబద్ధం? "అంతా సేఫ్" బ్యాచ్, "అందరం పోతాం" బ్యాచ్ రెండూ కాస్త ఆగండి. నాకు లెక్క కావాలి.

గామా_గవర్రాజు
ఇద్దరిదీ నిజమే. అడిగిన ప్రశ్నలే వేరు.

ముందు మనిషి లెక్క. పెద్దవాళ్ళకి సీజియం-137 ఒక బెకరెల్ మింగితే 0.013 మైక్రోసీవర్ట్ డోసు. 200 గ్రాముల ముక్కలో 3,600 బెకరెళ్ళు, అంటే 47 మైక్రోసీవర్ట్‌లు. ప్రజలకి ఏడాది పరిమితి 1 మిల్లీసీవర్ట్, అంటే 1,000 మైక్రోసీవర్ట్‌లు. ఆ చేపనే 22 పూటలు తింటే పరిమితి దాటుతుంది. ఒక పూటకి ఏమీ కాదు. కానీ పరిమితి పెట్టేది ఒక పూట కోసం కాదు, ఏడాది పొడుగునా కొనుక్కుని తినేవాడి కోసం. అందుకే 100 దగ్గర గీత గీశారు. ఏడాదికి 20 కిలోల చేప తిన్నా, ప్రతి కిలోలో సరిగ్గా 100 ఉన్నా, మొత్తం 26 మైక్రోసీవర్ట్‌లే.

ఇప్పుడు చేప లెక్క. ఇక్కడ సీవర్ట్ పనికిరాదు. అది మనిషి అవయవాలకీ మనిషి కేన్సర్‌కీ కట్టిన కొలత. చేపకి గ్రే (కిలో కణజాలంలో ఆగిన శక్తి కొలత) వాడాలి, అదీ గంటకి ఎంత అని. ఒక కిలో కణజాలంలో ఒక బెకరెల్, ప్రతి విఘటనకీ 1 ఎంఈవీ (కణాల శక్తి కొలత) శక్తి లోపలే ఆగిపోతే గంటకి 0.000577 మైక్రోగ్రే. సీజియం-137 బీటా, బేరియం వదిలే ఎలక్ట్రాన్లు కలిపితే సగటున 0.25 ఎంఈవీ. 662 కేఈవీ (0.662 ఎంఈవీ) గామా కిలో బరువున్న చేపలోంచి చాలావరకు బయటికి పోతుంది, కొద్దిగానే ఆగుతుంది. అన్నీ కలిపి బెకరెల్‌కి సుమారు 0.00017. 18,000తో గుణిస్తే గంటకి 3 మైక్రోగ్రేలు. వడపోతకి (ఇంకా లోతుగా చూడాలా వద్దా తేల్చే మొదటి పరీక్షకి) వాడే గీత గంటకి 10. దానికింకా కిందే ఉంది.

పులుసుప్రియ
22 పూటలా? కార్తీకం మొదలయ్యే ముందు రెండు వారాలు చాలు మనవాళ్ళకి.

ఉప్పుగాలి
గవర్రాజు గారూ, సగం లెక్కే చెప్పారు. లోపలి డోసు ఒక్కటే వేశారు. రాతిచేప అడుగున రాళ్ళ సందుల్లో, బురద మీద బతికే జీవి. బయటి నుంచి వచ్చే గామా ఏమైంది?

గామా_గవర్రాజు
ఒప్పుకుంటా. అడుగు బురదని అంతులేని పదార్థంగా తీసుకుంటే దాని మధ్యలో గామా డోసు బెకరెల్‌కి 0.00033 చొప్పున వస్తుంది. చేప బురద మీద కూర్చుంటే కింది సగమే, 0.00016 అనుకోండి. బురదలో కిలోకి 10,000 ఉందనుకుంటే (లెక్క కోసం అనుకున్న అంకె, కొలిచింది కాదు) ఇంకో 1.6 కలుస్తుంది. మొత్తం 4.7.

ఉప్పుగాలి
దాన్ని అనిశ్చితి గుణకం 3తో గుణించండి. 14. ఇప్పుడు గీత దాటిందా లేదా? "చేపకి ఏం కాదు" అని కొట్టిపారేయడానికి లేదు. మరింత లోతుగా చూడాలి అన్నదే సరైన తీర్పు.

ఎరికా_ఈరన్న
ఆగండాగండి. ఆ 3 ఎక్కడ వాడాలో అక్కడే వాడాలి. ఎరికా టూల్ (జీవులకి తగిలే రేడియేషన్ డోసు లెక్కించే సాఫ్ట్‌వేర్) రెండో అంచెలో 3 పెడితే 95వ శాతకం, 5 పెడితే 99వ శాతకం వస్తుందని లెక్క. అసలు అనిశ్చితి ఎక్కడుంది? నీటిలో ఉన్నదాన్ని బట్టి చేపలో ఎంత ఉంటుందో ఊహించే నిష్పత్తిలో. చేపనే కోసి కొలిచేశాక ఆ ఊహ లేదు, 3 పెట్టడం అతి. బురద అంకె మాత్రం ఊహించారు గనుక దానికి పెట్టుకోండి: 3 + 4.8 = 7.8. గీతకి దగ్గరగా ఉంది, దాటలేదు.

ఇంకోటి. అది రేవులో దొరికిన అతి చెడ్డ చేప, ఒక్కటి. జంతువుల మదింపు జనాభా స్థాయిలో చూస్తుంది: చావులు, గుడ్లు పెట్టడం, పిల్లలు బతకడం. రేవు మూతికి వలలు కట్టి చేపలు బయటికి పోకుండా ఆపారు, లోపలున్నవి కొన్ని. ఆ తీరం మొత్తం రాతిచేపల జనాభాకి ఆ ఒక్కటి ప్రతినిధి కాదు. మనిషి విషయంలో ఇలా మాట్లాడితే తంతారు, అక్కడ ఒక్కొక్కరూ లెక్కే.

సందేహాల_సూరి
ఈ 10 ఎవరు పెట్టారు? రౌండ్ ఫిగర్ చూస్తే కాస్త అనుమానంగా ఉంది.

ఎరికా_ఈరన్న
అనుమానం సహజం. 2004-07 మధ్య యూరప్ ఎరికా ప్రాజెక్టులో చేసిన పని ఇది. దీర్ఘకాలం తక్కువ డోసులో ఉంచిన జీవుల ప్రయోగ ఫలితాలు పోగేశారు. ప్రతి జాతికీ 10 శాతం ప్రభావం కనబడే డోసు రేటు తీశారు. వాటిని వరసలో పేర్చి, 95 శాతం జాతులు దేనికింద సురక్షితమో ఆ బిందువు పట్టుకున్నారు. గంటకి 82 మైక్రోగ్రేలు వచ్చింది. భద్రతకి 5తో భాగించి, కిందికి సవరిస్తే 10. అంటే ఇది హాని మొదలయ్యే గీత కాదు, "దీనికింద ఇంక పని పెట్టుకోవద్దు" అనే గీత. పైగా ఇది ప్లాంటు వల్ల అదనంగా వచ్చే డోసుకే, సహజ బ్యాక్‌గ్రౌండ్ కలపకూడదు.

మిగతావాళ్ళ గీతలు చాలావరకు ఇంకా పైన ఉంటాయి. 1996లో ఐరాస శాస్త్ర సంఘం (అన్‌స్కియర్) నేల జంతువులకి గంటకి 100, నీటి జీవులకి 400 దాకా జనాభా మీద ప్రభావం ఉండకపోవచ్చంది. అమెరికా ఇంధన శాఖ నీటి జంతువులకి రోజుకి 10 మిల్లీగ్రేలు, నేల జంతువులకి 1 అంటుంది. ఐసీఆర్పీ (రేడియేషన్ రక్షణ అంతర్జాతీయ సంఘం) 2008లో 12 ఆదర్శ జీవులు పెట్టి, ఎంత డోసు దగ్గర జాగ్రత్తగా చూడాలో చెప్పే పట్టీలు గీసింది. దుప్పి, ఎలక, బాతు, పైన్ చెట్టు ఒక పట్టీలో: రోజుకి 0.1 నుంచి 1 మిల్లీగ్రే. కప్ప, ట్రౌట్, నాలుక చేప, గడ్డి, సముద్రపు నాచుకి 1 నుంచి 10. తేనెటీగ, పీత, వానపాముకి 10 నుంచి 100. మన రాతిచేప లోపలి డోసు రోజుకి 0.073 మిల్లీగ్రే. చేపల పట్టీ కింది అంచులో పద్నాలుగో వంతు.

కొత్తిమీర_కట్ట
పన్నెండింట్లో ఆవు లేదేం? అన్యాయం.

ఎరికా_ఈరన్న
ఆవు మనిషి ఖాతాలో ఉంది. పాలు, మాంసం దారిలో ఎలాగూ కొలుస్తారు. 1957లో ఇంగ్లండ్ విండ్‌స్కేల్ అణు రియాక్టరు మంటలప్పుడు పారబోసింది పాలే.

లెక్కల_లింగమూర్తి
చరిత్ర కూడా కాస్త. 1990లో ఐసీఆర్పీ 60వ ప్రచురణ ఏమంది? మనిషిని కాపాడే ప్రమాణాలు ఉంటే మిగతా జాతులకీ ముప్పు ఉండదు అని. అప్పట్లో అంతే, జంతువులకి వేరే లెక్క లేదు. 2007లో 103వ ప్రచురణతో ఆ మాట పక్కనబెట్టి, జీవావరణానికి విడిగా మదింపు చేయాలన్నారు. ఎందుకంటే మనిషి ఉన్నచోటే ఆ సూత్రం నడుస్తుంది. మనుషుల్ని ఖాళీ చేయించిన చోట, ఎవరూ తినని అడుగు పురుగుల చోట, పక్షులు వాలే వ్యర్థాల చెరువు చోట మనిషి డోసు సున్నా. జంతువుది కాదు. సూరి అడిగిన చేప దీనికి తిరగేసిన కేసు: మనిషి గీత ముందే తెగింది, చేప గీత తెగలేదు.

ఎర్రడవి
పైన్ చెట్టుని దుప్పి పక్కన ఎందుకు పెట్టారని అడగరేం? 1986 ఏప్రిల్ 26 తర్వాత చెర్నోబిల్ పక్కనున్న పైన్ అడవి కొన్ని వారాల్లో ఎర్రబడి చచ్చింది. ఎర్ర అడవి అన్న పేరు అలా వచ్చిందే. అదే చోట బర్చ్ చెట్లు చాలావరకు తట్టుకున్నాయి. పైన్‌కి క్రోమోజోములు పెద్దవి, రేడియేషన్ దెబ్బకి పెద్ద గురి. పైగా సూదులు ధూళిని పట్టి ఉంచుకుంటాయి, కణుపుల దగ్గర బీటా డోసు నేరుగా తగిలింది. ఎండిన చెట్లని పడగొట్టి అక్కడే కందకాల్లో పూడ్చారు. కాబట్టి "చెట్లు, మొక్కలు గట్టివి, జంతువులు సుకుమారం" అనేవాళ్ళ మాట నమ్మకండి.

పులుసుప్రియ
మరి చెర్నోబిల్‌లో ఇప్పుడు తోడేళ్ళు హాయిగా ఉన్నాయంటారుగా. రేడియేషన్ ఆరోగ్యానికి మంచిదేమో :)

ఎర్రడవి
మనుషులు లేకపోవడం మంచిది, అంతే. 2015లో డెర్యాబినా బృందం బెలారుస్ వైపు సర్వే లెక్కలు ప్రచురించింది. దుప్పులు, అడవి పందులు చుట్టుపక్కల రక్షిత అడవుల్లో ఉన్నన్ని ఉన్నాయి, తోడేళ్ళు ఏడు రెట్లకి పైగా ఎక్కువ. దీన్ని పట్టుకుని "హాని లేదు" అనేవాళ్ళున్నారు. అది ఆ లెక్క చెప్పే మాట కాదు. వేట, సేద్యం, రోడ్లు పోతే వచ్చే లాభం రేడియేషన్ నష్టాన్ని మింగేసింది అన్నంతవరకే. ఒక్కో తోడేలు ఆరోగ్యం గురించి ఆ సర్వే ఏమీ చెప్పదు.

ఉప్పుగాలి
అలాగే మోలర్, మూసో అనే పరిశోధకుల లెక్కలూ చెప్పండి. అదే జోన్‌లో ఎక్కువ డోసు చోట పక్షులు తగ్గాయని వాళ్ళు చాలా పేపర్లు రాశారు.

ఎర్రడవి
రాశారు. ఆ పని మీద ప్రధాన విమర్శ డోసు కొలత గురించే. చేతిలో మీటరు పట్టుకుని నిలబడ్డ చోట గాలిలో రేటు చదివితే అది పక్షికి అందిన డోసు కాదు. పక్షి పురుగుల్ని తింటుంది, స్ట్రాంషియం ఎముకలోకి పోతుంది, గూడు కొమ్మ మీద ఉంటుంది, ఏడాదిలో సగం వలస పోతుంది. మీటరు బీటాని సరిగ్గా చూడదు. లోపలి డోసు కలిపితే అంకె పెరగొచ్చు, తగ్గొచ్చు. డోసు పక్కాగా లేకుండా డోసుకీ ప్రభావానికీ గీత గీస్తే ఆ గీత ఎటైనా వంగుతుంది. రెండు పక్షాలూ దీన్నే తేలిగ్గా తీసుకున్నాయని నా అభిప్రాయం.

సందేహాల_సూరి
తోడేళ్ళు తర్వాత. రేవు చేప లెక్క అర్థమైంది. కానీ గొడవంతా ప్లాంటు ట్యాంకుల్లోని ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) నీళ్ళు సముద్రంలోకి వదిలారనే కదా. ఆ చేప ఆ నీళ్ళ వల్లేనా?

గామా_గవర్రాజు
కాదు. తేదీలు చూడండి. చేప మేలో దొరికింది, నీళ్ళు వదలడం 2023 ఆగస్టు 24న మొదలైంది. అది 2011 నాటి బురద సీజియం. వాట్సాప్‌లో ఈ రెంటినీ కలిపేశారు. ఆ సీజియం కూడా దాదాపు అంతా 137వే. 2011లో 134, 137 సరిసమానంగా పడ్డాయి. 134 అర్ధాయుష్షు (సగానికి తగ్గే కాలం) రెండేళ్ళే కాబట్టి పన్నెండేళ్ళకి 137లో 2 శాతం మాత్రం మిగిలింది.

లెక్కల_లింగమూర్తి
ట్రిటియం లెక్క నేను వేస్తా. సముద్రపు నీటితో పలచన చేసి వదిలేటప్పుడు లీటరుకి 1,500 బెకరెళ్ళ లోపు ఉండాలని నియమం. జపాన్ చట్ట పరిమితి 60,000, తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అంకె 10,000. ఏడాదికి మొత్తం 22 లక్షల కోట్ల బెకరెళ్ళకి మించకూడదు. ఒక కిలోమీటరు సొరంగంలోంచి బయటికి వస్తాయి.

చేప ఆ సొరంగం మూతిలోనే కాపురం పెట్టిందనుకోండి. ట్రిటియం చేపలో పేరుకోదు, నిష్పత్తి 1. కాబట్టి ఒంట్లోనూ 1,500. సగటు బీటా శక్తి 0.0057 ఎంఈవీ. 1,500 × 0.0057 × 0.000577 = గంటకి 0.005 మైక్రోగ్రే. తక్కువ శక్తి బీటా కాస్త ఎక్కువ దెబ్బ తీస్తుందని ఎరికా 3 రెట్లు వేస్తుంది: 0.015. గీత 10. సుమారు 670 రెట్ల దూరం.

మనిషి ఆ నీళ్ళే రోజుకి రెండు లీటర్లు ఏడాది తాగాడనుకుందాం (ఉప్పుకే పోతాడు, అది వేరు). 730 × 1,500 × 0.000018 = 20 మైక్రోసీవర్ట్‌లు. కణజాలంలో అతుక్కున్న సేంద్రియ ట్రిటియం అయితే బెకరెల్‌కి 2.3 రెట్లు ఎక్కువ. అయినా కథ మారదు.

ఉప్పుగాలి
ఆ లెక్కతో నాకు పేచీ లేదు. ట్రిటియం గురించి తలలు బాదుకోవడం మీదే పేచీ. చూడాల్సింది మిగతావి. ట్యాంకు నీళ్ళ శుద్ధి యంత్రం 62 రకాల రేడియోధార్మిక పదార్థాల్ని పట్టడానికి కట్టింది. ట్రిటియంనీ కార్బన్-14నీ అది పట్టలేదు. చేపలో పేరుకునే నిష్పత్తులు చూడండి: ట్రిటియం 1, స్ట్రాంషియం 3, సీజియం 100, కోబాల్ట్ 700, కార్బన్ 20,000. నీళ్ళలో చిటికెడు ఉన్నా చేపలో చారెడు. ట్యాంకుల్లో చాలా నీళ్ళు మొదటిసారి శుద్ధిలో పరిమితికి రాలేదు, మళ్ళీ తిప్పాలి. కాబట్టి ప్రతి విడతా వదిలేముందు ఒక్కొక్క ఐసోటోపునీ దాని పరిమితితో భాగించి, అన్నీ కూడితే 1 లోపు ఉందా అన్నదే నేను చూసే అంకె. ట్రిటియం కాకుండా.

లెక్కల_లింగమూర్తి
దానికి కాదనను. ట్రిటియం అంకె పెద్దది, ప్రభావం చిన్నది. పత్రికలకి అంకె కావాలి.

ల్యాబ్_లచ్చన్న
అందరూ అంకెలు విసురుతున్నారు, అవి ఎలా వస్తాయో ఎవరూ అనట్లేదు. శాంపిల్ దగ్గర చెడేవి కొన్ని చెప్తా.

ఒకటి: మనిషి లెక్కకి కండ కావాలి, చేప లెక్కకి మొత్తం చేప కావాలి. సీజియం కండలో ఉంటుంది కాబట్టి పెద్ద తేడా రాదు. స్ట్రాంషియం ఎముకలో కూర్చుంటుంది. కండ కొలిచి "మొత్తం చేప" గడిలో వేస్తే డోసు బాగా తగ్గి కనబడుతుంది. తిరగేసి వేస్తే మనిషి డోసు పెరిగిపోతుంది. మెత్తళ్ళలాంటివి ముల్లుతో సహా తినేవాళ్ళకి మొత్తం చేపే సరి.

రెండు: బూడిద చేసేటప్పుడు కొలిమి 450 డిగ్రీలు దాటితే సీజియం ఎగిరిపోతుంది. పొలోనియం-210కి అసలు కొలిమే వద్దు, ఇంకా తక్కువ వేడికే పోతుంది. నైట్రిక్ ఆమ్లంలో తడిగా కరిగించాలి. పైగా దాని అర్ధాయుష్షు 138 రోజులు, శాంపిల్లో సీసం-210 ఉంటే అది కొత్తగా పుట్టుకొస్తూ ఉంటుంది. పట్టిన తేదీకి సవరించకపోతే ఫ్రిజ్‌లో ఆర్నెల్లు పెట్టిన శాంపిల్ వేరే అంకె చెప్తుంది.

మూడు: "కనబడలేదు" అని వచ్చినదాన్ని సున్నా రాయొద్దు. డిటెక్షన్ లిమిట్ అంకెనే వేసి వడపోత చేయండి. అప్పటికీ గీత దాటకపోతే నిశ్చింత. దాటితే యంత్రాన్ని ఎక్కువసేపు నడిపి మళ్ళీ కొలవాలి.

నాలుగోది, అందరూ చేసేది: పొడి బరువా, తడి బరువా? దీని గురించి నేను విడిగా ఏడవను, ఎవరో ఒకరు ఈ చర్చలోనే ఆ తప్పు చేస్తారు.

ఎరికా_ఈరన్న
లచ్చన్న గారి మాటకి తోడు: నిష్పత్తి నిలకడగా ఉన్న నీటికే చెల్లుతుంది. 2011 ఏప్రిల్ మొదట్లో ప్లాంటు దగ్గర సముద్రంలో సీజియం-137 లీటరుకి 68,000 దాకా పోయింది. గుడ్డిగా 100తో గుణిస్తే చేపలో కిలోకి 68 లక్షలు రావాలి. ఎక్కడా రాలేదు. ఆ శిఖరం కొద్దిరోజులే, చేప నింపుకునే లోపు నీరు పలచబడింది. తర్వాత దీనికి తిరగేసిన తప్పు జరుగుతుంది: నీరు శుభ్రమై ఏళ్ళయినా బురదలో సీజియం ఉండిపోతుంది. నీటి అంకెతో లెక్కేస్తే అడుగు చేపకి సున్నాకి దగ్గరగా వస్తుంది. రేవు చేప అలాంటిదే. విడుదల మారుతుంటే నిష్పత్తి వదిలేసి, ఎంత వేగంగా నింపుకుంటుంది, ఎంత వేగంగా వదిలేస్తుంది అన్న కాలంతో నడిచే నమూనా కట్టాలి. అది మూడో అంచె పని.

అడవిపంది_ఫ్యాన్
నేల మీదా ఇదే తంతు. జర్మనీలోని బవేరియా అడవి పందుల్లో సీజియం ఇప్పటికీ కిలోకి 600 బెకరెళ్ళ గీత దాటుతుంది. దుప్పుల్లో తగ్గింది, పందుల్లో తగ్గట్లేదు. కారణం నేలలోపల పెరిగే ఒక రకం పుట్టగొడుగులు. సీజియం మెల్లగా కిందికి దిగి ఇప్పుడు వాటిని చేరింది, చలికాలం పందులు తవ్వుకుని తింటాయి. 2023లో సీజియం-135, 137 నిష్పత్తి కొలిచి చూస్తే అందులో 1960ల నాటి అణ్వస్త్ర పరీక్షల వాటా కూడా గట్టిగానే ఉందని తేలింది. భౌతిక అర్ధాయుష్షు 30 ఏళ్ళని క్యాలెండర్ చూసుకుంటే ఈ పందులు నవ్వుతాయి.

చెర్నోబిల్ తర్వాత బ్రిటన్ కొండల మీద గొర్రెలకి పెట్టిన ఆంక్షలు 2012 దాకా నడిచాయి. అక్కడిది పీట్ (కుళ్ళిన మొక్కల) నేల, బంకమన్ను తక్కువ. బంకమన్ను పొరల్లో సీజియం ఇరుక్కుపోతుంది, పీట్‌లో ఇరుక్కోదు, గడ్డిలోకి మళ్ళీ మళ్ళీ ఎక్కుతుంది.

బొగ్గులమ్మ
మన తుమ్మలపల్లె (కడప జిల్లా యురేనియం గని) సంగతి ఎవరూ ఎత్తరేం? ఇదంతా జపాన్, బవేరియా కబుర్లు.

గామా_గవర్రాజు
అక్కడ ఆట పూర్తిగా వేరు. సీజియం లేదు. యురేనియం, దాని సంతానం: రేడియం, సీసం-210, పొలోనియం. రాయి సున్నపురాయి జాతి (డోలోమైట్), ఆమ్లం పోస్తే ఆమ్లం అంతా రాయే తాగేస్తుంది. అందుకని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌తో ఒత్తిడిలో తీస్తారు. కార్బొనేట్ ఉన్న నీళ్ళలో యురేనియం మట్టికి అంటుకోకుండా సాగిపోతుంది. కాబట్టి అక్కడ చూడాల్సింది గాలి కంటే ముందు భూగర్భజలం.

అక్కడ మొదట దెబ్బ కొట్టేది రేడియేషన్ కూడా కాదు, రసాయన విషం, కిడ్నీ మీద. లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత లీటరుకి 30 మైక్రోగ్రాములు. అందులో యురేనియం-238 0.37 బెకరెల్, 234 కూడా అంతే అనుకోండి. ఏడాదికి 730 లీటర్లు తాగితే 25 మైక్రోసీవర్ట్‌లు. తాగునీటి డోసు గీత 100. అంటే కిడ్నీ గీతే నాలుగు రెట్లు కఠినం. మన అణుశక్తి నియంత్రణ మండలి 60 మైక్రోగ్రాములు అంటుంది. ఏ అంకెతో పోల్చారో చెప్పకుండా "పరిమితిలోనే ఉంది", "పరిమితి దాటింది" అనే రిపోర్టు చదివి లాభం లేదు.

ల్యాబ్_లచ్చన్న
ఇంకా కష్టం: కడప రాళ్ళలో యురేనియం సహజంగానే ఉంది. బావిలో లీటరుకి 80 మైక్రోగ్రాములు వచ్చిందంటే గని వ్యర్థాల చెరువు కారిందా, రాయి ఇచ్చిందా? ఒక్క యురేనియం అంకెతో తేలదు. చెరువుకి ఎగువన, దిగువన బావులు, వానలకి ముందు, తర్వాత. ప్రతి బావిలో యురేనియంతో పాటు సోడియం, సల్ఫేట్, క్షారత, 234కీ 238కీ నిష్పత్తి. వ్యర్థం నీళ్ళకి సోడియం గుర్తు గట్టిగా ఉంటుంది. యురేనియం, సోడియం, సల్ఫేట్ మూడూ కలిసి దిగువనే పెరిగితే అనుమానించాలి. యురేనియం ఒక్కటే అన్ని దిక్కులా ఎక్కువుంటే రాయి పని కావొచ్చు.

సీసా సంగతి: 0.45 మైక్రాన్ ఫిల్టరులో వడకట్టి, నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కిందికి తేవాలి, లేకపోతే గోడకి అంటుకుంటుంది. క్షారతకి మాత్రం ఆమ్లం వేయని రెండో సీసా. ఆమ్లం వేసిన సీసాలో క్షారత కొలిచి సున్నా వచ్చిందని రాసిన రిపోర్టులుంటాయి. నవ్వకండి.

ఎరికా_ఈరన్న
జంతువుల వైపు తుమ్మలపల్లెలాంటి చోట ఆల్ఫా రాజు. 5 ఎంఈవీ ఆల్ఫా కణం కణజాలంలోనే ఆగిపోతుంది. దాని మీద ఆల్ఫా గుణకం 10. కిలోకి ఒక బెకరెల్‌కి గంటకి 0.029 మైక్రోగ్రే. గవర్రాజు గారి సీజియం చేప 0.00017తో పోలిస్తే 170 రెట్లు. కాబట్టి బెకరెళ్ళు పోల్చడం మానండి. చెరువు అంచున కప్ప, వానపాము, నీళ్ళు తాగే పిట్ట, వీటిని పెట్టి నడపండి. గొర్రెలూ మేకలూ మళ్ళీ మనిషి ఖాతా.

కొత్తిమీర_కట్ట
మేక కూడా మన ఖాతాయేనా. జంతు సంఘం ఊరుకోదు.

తీరం_తాబేలు
శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో రియాక్టర్లు వస్తే ఏం చూడాలి? ఆ తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి.

ఎరికా_ఈరన్న
టూల్ సముద్ర జాబితాలో సరీసృపం ఉంది, కానీ అది నీళ్ళలో ఈదే పెద్ద తాబేలు. ఇసుకలో అడుగున్నర లోతున పూడ్చిన గుడ్డు లేదు. రెండో అంచెలో కొత్త జీవిని కలపొచ్చు: మూడు కొలతలు (గుడ్డు కాబట్టి మూడూ ఒకటే), బరువు, ఎంతసేపు ఎక్కడ ఉంటుంది. పొదిగే సుమారు 50 రోజులూ నూటికి నూరు శాతం ఇసుక లోపల. తల్లి నుంచి గుడ్డులోకి ఏమొస్తుందో కొలత దొరకడం కష్టం, అక్కడ ఎక్కువవైపు ఊహించుకోవాలి. ఇది రక్షిత జాతి, కాబట్టి "జనాభా బాగుంటే చాలు" అన్న సూత్రం ఇక్కడ వద్దు, ఒక్కో గూడూ లెక్కే.

రియాక్టరు కట్టకముందే ఇసుకలో బ్యాక్‌గ్రౌండ్ కొలిచి పెట్టుకోవాలి. భీమిలి వైపు, ఒడిశా ఛత్రపూర్ దగ్గరా ఇసుకలో మోనజైట్ ఖనిజం, అందులో రేడియోధార్మిక థోరియం. అక్కడ గామా సహజంగానే ఎక్కువ. తర్వాత కొలిస్తే ఏది ప్లాంటుదో ఏది ఇసుకదో తేల్చుకోలేక కోర్టులో కొట్టుకోవాలి.

లెక్కల_లింగమూర్తి
మనుషుల వైపు కొవ్వాడకి సగటు ఆంధ్రుడి తిండి వేస్తే తప్పు. జాలరి కుటుంబం తినే చేప, రొయ్య, పీత విడివిడిగా ఇంటింటికీ అడిగి, ఎక్కువ తినేవాళ్ళని ప్రతినిధిగా పెట్టాలి. తీరం మీద వల బాగుచేసుకునే గంటలు, ఎండుచేపల ధూళి కూడా. 1986లో నార్వే రెయిన్‌డీర్ మాంసానికి కిలోకి 6,000 బెకరెళ్ళ గీత పెట్టింది, పాలు, పసిపిల్లల తిండి కాక మిగతావాటికి 600. నగరం వాడు ఏడాదికోసారి తింటాడు కాబట్టి అది సరిపోయింది. రోజూ అదే తినే సామీ తెగ కాపరులకి సరిపోలేదు, వాళ్ళకి విడిగా ఆహార సలహాలు, జంతువులకి సీజియం పట్టే ప్రష్యన్ బ్లూ పెట్టాల్సి వచ్చింది.

పిల్లల గుణకాలు మరవొద్దు. అయొడిన్-131 పెద్దలకి బెకరెల్‌కి 0.022 మైక్రోసీవర్ట్, ఏడాది బిడ్డకి 0.18. సీజియంకి ఇంత తేడా ఉండదు.

సందేహాల_సూరి
సరే, నేనొకటి వేశా, చూడండి. రొయ్యల రిపోర్టు ఒకటి దొరికింది, సీజియం-137 కిలోకి 40. ఏడాదికి 20 కిలోలు. 20 × 40 × 0.013 = 10.4 మైక్రోసీవర్ట్‌లు. రొయ్యకి లోపలి డోసు 40 × 0.00017 = 0.007. రెండూ పాస్. సరేనా?

ల్యాబ్_లచ్చన్న
రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో ఏముంది?

సందేహాల_సూరి
"పొడి బరువు".

ల్యాబ్_లచ్చన్న
చెప్పానా. రొయ్యలో పొడి పదార్థం నాలుగో వంతు. తడి బరువుకి 10 అవుతుంది. మనిషికి 2.6, రొయ్యకి 0.002 కూడా రాదు. ఈసారి తప్పు మంచివైపు పడింది. నిష్పత్తి పట్టికలు తడి బరువుకి ఉంటాయి, మీరు పొడి అంకె వేస్తే ప్రతిసారీ నాలుగు రెట్లు.

గామా_గవర్రాజు
ఇంకోటి, 0.00017 కిలో చేపకి. రొయ్య చిన్నది, గామా ఇంకా ఎక్కువ బయటికి పోతుంది, 0.00015 వేయండి. పోతే, అదే రొయ్యలో సహజ పొలోనియం కొలిపించారా? ఒక బెకరెల్ పొలోనియం మనిషికి 1.2 మైక్రోసీవర్ట్‌లు, సీజియం 92 బెకరెళ్ళతో సమానం. చేపకి ఐరాస వాడే సాధారణ అంకె కిలోకి 2. అదే రొయ్యకీ వేస్తే 20 కిలోలకి 48 మైక్రోసీవర్ట్‌లు, ఏ ప్లాంటూ వదలకుండానే.

పులుసుప్రియ
తల తీసి వండితే?

ల్యాబ్_లచ్చన్న
బాగా తగ్గుతుంది. పొలోనియం ఎక్కువగా ఉండేది తలలోని ఆ పచ్చటి జీర్ణగ్రంథిలోనే.

పులుసుప్రియ
రుచి కూడా అక్కడే ఉంది కదయ్యా.